తిరిగొచ్చే నెత్తురు

నమోదు 1
స్థావరం 31వ ఏడు, 96వ రోజు

ఇరవై రెండేళ్ళ కిందట, అప్పటి సభాపతి పులుగుర్త వేదవ్యాసరావు నాకొక మాట ఇచ్చాడు. ముప్పై ఒక్కమంది ఎదుట, టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఇచ్చాడు. "సోమలింగంగారూ, కొత్త నెత్తురు ఎక్కించేముందు వెళ్ళే నెత్తురే కాదు, తిరిగొచ్చే నెత్తురు కూడా కొలుద్దాం. రెండూ చూడకుండా నేను సంతకం పెట్టను" అన్నాడు. తొమ్మిదో రోజున పెట్టేశాడు. తిరిగొచ్చే నెత్తురు ఎవరూ చూడలేదు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. సభామందిరంలో పటం కట్టి పెట్టారు.

అప్పటికి మేము అంగారకుడి మీద ఈ గవిలోకి దిగి తొమ్మిదేళ్ళు. గాలి చిక్కగా ఉంచినకొద్దీ రాతి పగుళ్ళలోంచి బయటికి పోతోందని, దాన్ని సగానికి పలచన చేద్దామన్నారు. ఆ పలచటి గాలిలో బతకాలంటే ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకునే హిమోగ్లోబిన్ కావాలి. అందుకని మనుషుల ఎముకల్లో మూలుగ మార్చారు. సూది పట్టుకున్నది నేనే. అప్పుడు రక్తపరీక్షల గది నాది. అరవై దాటినవాళ్ళకి మూలుగ మారదన్నారు కనక నాకు పాత నెత్తురే మిగిలింది. ముక్కులో గొట్టం, వీపున సిలిండరు, ఎనభై మూడేళ్ళ వయసు. పాత నెత్తురు వాళ్ళం ఇంక ముగ్గురమే ఉన్నాం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నా మనవరాలు వకుళకి ఏడో నెల. వాళ్ళమ్మ పోయినప్పటినుంచీ నా చేతుల్లో పెరిగింది. ఇవాళ పొద్దున్న పిక్కలు పీకుతున్నాయని గోడ పట్టుకుని నడిచింది. కిందటేడు కొత్త జల్లెడలు బిగించాక గవిలో మూడు కాన్పులు జరిగాయి. మూడూ చచ్చిన బిడ్డలే.

జల్లెడలంటే గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని ఏరిపారేసే యంత్రాలు. పాతవి సగం పనిచేసేవి. కొత్తవి బాగా పనిచేస్తున్నాయి. అంత బాగా పనిచేసే వస్తువుని చూస్తే నాకు భయం.

వకుళ రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక గంటసేపు పడుకుని బిడ్డ తన్నులు లెక్కపెడుతుంది. ఇవాళ పదకొండు.


నమోదు 2
99వ రోజు

పొద్దున్నే సభామందిరంలో వేలు చూపించడం ఇక్కడ అందరికీ తప్పనిసరి. వరసలో నిలబడతాం. శ్వాసగురువు అనంతశయనం వేలికి కొలత తగిలించి, నెత్తుట్లో ఆక్సిజన్ నూటికి ఎంతుందో అంకె పైకి చదువుతాడు. ఆ అంకె మీద పెళ్ళిళ్ళు కుదురుతాయి. తొంభై ఎనిమిది వచ్చిన కుర్రాణ్ణి తొంభై తొమ్మిది పిల్ల వద్దంది, ఇదే గవిలో, నా కళ్ళముందే.

"వకుళమ్మా, తొంభై తొమ్మిది. తల్లీ బిడ్డా దివ్యంగా ఉన్నారు." తరవాత నా వేలు పట్టుకున్నాడు. "సోమలింగంగారు... ఎనభై ఆరు. ఏమండీ, ఇంకా మా మధ్యనే ఉన్నారా?"

మందిరం నవ్వింది.

"ఉన్నాను నాయనా. నిన్ను సాగనంపి వెళ్దామని" అన్నాను. ఈసారి నవ్విన వాళ్ళు తక్కువ.

అంకెలయ్యాక వంద ఊపిరులు. అందరూ బాసింపట్టు వేసుకుని అనంతశయనం తాళానికి గుండెల నిండా పీలుస్తారు, పూర్తిగా వదులుతారు. శుద్ధమైన గాలి ఎంత లోపలికి పోతే అంత మంచిదని ఈ గవి నమ్మకం. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. తొమ్మిదో ఏట కింది వసారాలో, అంటే గవి అడుగున ఉన్న ఇళ్ళ వరసలో, కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పంతొమ్మిది మంది నిద్రలోనే పోయారు. అప్పటినుంచి దాని పేరెత్తరు, చెడుగాలి అంటారు. ఎవరికి నీరసంగా ఉన్నా, మరుపు ఎక్కువైనా శుద్ధిగదిలో కూర్చోబెట్టి ఇంకో వంద తీయిస్తారు.

అరవైయో ఊపిరి దగ్గర వకుళ నా మోకాలు తట్టింది. "తాతా, పెదాలు తిమ్మిరెక్కుతున్నాయి. వేళ్ళు కూడా."

అనంతశయనం విన్నాడు. "అది ప్రాణశక్తి పారడం అమ్మా. ఆపకు."

ఆ పిల్ల ఆపలేదు. బుగ్గలు, పెదాలు ఎర్రగా కళకళలాడుతున్నాయి. మందిరంలో అందరివీ అంతే. నాలుగు వందల పన్నెండు మంది. నీరసించిపోయి కూడా ఇంత కళగా ఉండే జనాన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

తన్నులు ఎనిమిది.


నమోదు 3
100వ రోజు

చక్కెర చూస్తానని చెప్పి వకుళ ఎడమ మోచేతి మడతలో సూది గుచ్చాను. చేతులు వణుకుతాయి కాని సిర దొరికాక వణకవు, అదేమిటో.

గొట్టంలోకి వచ్చిన నెత్తురు చూసి ముందు నేనే తప్పు చేశాననుకున్నాను. ధమనికి తగిలిందేమోనని సూది తీసి ఇంకో చోట గుచ్చాను. అదే రంగు. దానిమ్మగింజ రంగు. ధమని అయితే నాడితో పాటు ఎగజిమ్మాలి, ఇది మెల్లగా జారింది. సిరే.

నలభై ఏళ్ళు నేను చూసిన సిర నెత్తురు నేరేడుపండు రంగులో ఉండేది. ఒంట్లో ఆక్సిజన్ దింపేసి వచ్చిన నెత్తురు నల్లబడుతుంది. ఇది నల్లబడలేదు. అంటే దింపలేదు.

వకుళ మొగుడు శరభ పక్కనే ఉన్నాడు. జల్లెడల మేస్త్రీ అతనే. "ఏటి తాతగారూ అలా చూస్తన్నారు? మంచి రంగే కదండి, నిగనిగలాడతంది."

"నీ పెళ్ళాం ఒంట్లో తిరిగొచ్చిన నెత్తురు ఇది. ఇంత ఎర్రగా రాకూడదు."

"సభలో తొంభై తొమ్మిదన్నారండి మరి."

"వెళ్ళేటప్పుడు తొంభై తొమ్మిదే. వచ్చేటప్పుడు కూడా తొంభై ఉంటే మధ్యలో ఎవరు తిన్నట్టు?"

అతను గొట్టం వంక మళ్ళీ చూశాడు. వకుళ మాత్రం దూది నొక్కుకుంటూ, "తాతా, నన్ను భయపెట్టకు. ఇవాళ ఏడే తన్నాడు" అంది. అప్పటికే వాడు అని నిర్ణయించేసుకుంది.


నమోదు 4
101వ రోజు

మధ్యాహ్నం అన్నం బండి వచ్చినప్పుడు శరభకి విషయం అర్థమయ్యేలా చెప్పగలిగాను. గవిలో గిన్నెలు తక్కువ. అందుకని మొదటి ఏడాది నుంచీ ఒక పద్ధతి ఉంది: గడప దగ్గర ఖాళీ క్యారేజీ చేతిలో పెడితేనే బండివాడు నిండు క్యారేజీ ఇస్తాడు. ఖాళీది లేకపోతే ఏడ్చినా ఇవ్వడు, బండి ముందుకి తోసుకుపోతాడు.

"నెత్తురూ అంతే. ఒంట్లో ఏ మూల పని జరిగినా అక్కడ కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది నెత్తుట్లో కలిసి కాస్త పులుపెక్కిస్తుంది. ఆ పులుపు తగిలితేనే హిమోగ్లోబిన్ పిడికిలి సడలించి ఆక్సిజన్ వదులుతుంది. తిరిగెళ్ళేటప్పుడు ఆ కార్బన్ డయాక్సైడ్‌ని మోసుకుపోతుంది. నూటికి డెబ్బై పాళ్ళు ఉప్పుగా మారి నీటిలో కరిగి పోతుంది, కొంత హిమోగ్లోబిన్‌నే అంటుకుని పోతుంది, మిగిలిన కాస్తా ఊరికే కరిగి పోతుంది. ఊపిరితిత్తుల్లో అది బయటికి, ఆక్సిజన్ లోపలికి."

"అయితే చెడుగాలి ఖాళీ క్యారేజీ అన్నమాట."

"అన్నమాటే. పలచటి గాలిలో ఒళ్ళు తనంతట తానే ఎక్కువ ఊపిరి తీస్తుంది, కార్బన్ డయాక్సైడ్ పోగొట్టుకుంటుంది. పాత జల్లెడలు సరిగ్గా పనిచెయ్యక గాలిలో కాస్త మిగిలేది, ఆ కాస్తతో ఇరవై ఏళ్ళు బతికారు. ఇప్పుడు గాలిలో లేదు. దానిమీద రోజూ వంద ఊపిరులు. కొత్త నెత్తురు పిడికిలి అసలే గట్టిది. ఇంక ఎందుకు వదులుతుంది? కడుపులో బిడ్డ తల్లి నెత్తుట్లోంచి లాక్కోవాలి. తల్లి ఒంటికే దింపని బండి బిడ్డ గడప దగ్గర ఆగుతుందా?"

శరభ చేతిలో క్యారేజీ కింద పెట్టాడు. మూత తీయలేదు.

"ఆ జల్లెడలు నా సేత్తో బిగించీసినాను తాతగారూ" అన్నాడు. "బాగా బిగించీసినానని శాలువా కప్పినారు."

ఓదార్చడం నాకు రాదు. "అన్నం తిను" అన్నాను.

తన్నులు ఏడు.


నమోదు 5
103వ రోజు

డాక్టర్ని పిలిపించాను. అడ్డేపల్లి మృణాళిని. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. పదహారేళ్ళప్పుడు నా గదిలో గాజుపలకలు కడగడానికి చేరి, నా దగ్గరే నెత్తురు చూడటం నేర్చుకుని, భూమి నుంచి వచ్చే పాఠాలు చదివి డాక్టరైంది. కింది వసారాలో పోయిన పంతొమ్మిది మందిలో వాళ్ళ నాన్న ఒకడు.

గొట్టం దీపానికి ఎత్తి చూసింది.

"ఎక్కడ తీశారు మాస్టారూ?"

"ఎడమ మోచెయ్యి. సిర. రెండుసార్లు."

"నేనోసారి తీస్తాను." వకుళ కుడిచేతికి తీసింది. దానిమ్మగింజ. తరవాత తన చేతికే పట్టీ కట్టి, పళ్ళతో బిగించి, తన నెత్తురు తీసుకుంది. మూడు గొట్టాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. మూడింటికీ రంగులో వెంట్రుకవాసి తేడా లేదు. నేను నాలుగో గొట్టం పెట్టాను, నాది. నల్లగా ఉంది.

వకుళ పక్క గదిలోకి వెళ్ళాక మృణాళిని నెమ్మదిగా అంది: "ఇది మనందరిదీనూ."

"అందరిదీనే. పెద్దవాళ్ళు నీరసంతో ఈడుస్తారు. బిడ్డలు ఈడ్చలేరు."

"ఆ మూడు కాన్పులూ నేనే చేశాను మాస్టారూ."

"తెలుసు. జల్లెడలు తగ్గించాలి, వంద ఊపిరులు ఆపాలి. నేను చెబితే ముసలాడి గొణుగుడు. నువ్వు చెప్పాలి."

"సభ ఎప్పుడు?"

"ఎల్లుండి."

తల ఊపింది. ఒప్పుకున్నట్టా, విన్నట్టా, నేను అడగలేదు. ఈ గవిలో జనం ఇచ్చే మాట ఎంతకి నిలుస్తుందో నాకు తెలుసు కనక మాట తీసుకోలేదు. తీసుకుని ఉండాల్సింది.

తన్నులు ఆరు.


నమోదు 6
105వ రోజు

సభకి నాలుగు గొట్టాలూ పట్టుకెళ్ళాను. క్యారేజీల పోలిక చెప్పాను. కొందరు నిజంగానే విన్నారు, వంటశాలలో పనిచేసే గంగాభవాని అయితే కన్నార్పలేదు. ఆమెకీ ఏడో నెలే. నలభై రోజులపాటు జల్లెడల జోరు మూడో వంతు తగ్గించమని, అన్నాళ్ళూ వంద ఊపిరులు ఆపమని అడిగాను.

అనంతశయనం లేచాడు. "అంటే చెడుగాలి పీల్చమంటారు. పంతొమ్మిది మందిని మింగిన గాలిని మన కడుపుతో ఉన్న ఆడపిల్లల చేత పీల్పించమంటారు. సోమలింగంగారి నెత్తురు నల్లగా ఉందట, మనది ఎర్రగా ఉందట, కాబట్టి మనకి జబ్బట. అయ్యా, ఎనభై ఆరు అంకె వాడు తొంభై తొమ్మిది వాళ్ళకి వైద్యం చెప్పడం ఈ గవిలోనే చూశాను."

"విషం మోతాదుని బట్టి నాయనా. ఉప్పు లేకుండా నువ్వు తినగలవా? శేరు ఉప్పు తిని బతకగలవా?"

"పుస్తకాలు బాగా చదువుతారు మీరు" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళు ఎవరెవరో నాకు గుర్తుంది, రాయను, పేజీలు చాలవు.

అప్పుడు సభాపతి అడిగాడు: "డాక్టరుగారూ, మీరేమంటారు?"

మృణాళిని లేచింది. మందిరం మొత్తం ఆమె వైపు తిరిగింది. వకుళ కూడా.

"వకుళ నెత్తుట్లో ఆక్సిజన్ నూటికి తొంభై తొమ్మిది" అంది. "కొలతలో తేడా ఏమీ లేదు."

కూర్చుంది.

అబద్ధం ఒక్క ముక్క లేదు. వకుళకి రోజూ రెండుపూటలా శుద్ధిగదిలో వంద ఊపిరులు తీయించాలని తీర్మానించారు, నా మాటలకి బెదిరి ఉంటుందని.

బయటికి వస్తూ వకుళ అంది: "విన్నావుగా తాతా. డాక్టరమ్మే చెప్పింది."

"ఆవిడ చెప్పనిది కూడా విను."

"చెప్పనిది ఎలా వింటాను?" అంది, విసుక్కోకుండానే.

తన్నులు ఐదు.


నమోదు 7
108వ రోజు

శరభ నన్నడక్కుండా పని చేశాడు. మా వసారాకి వచ్చే గాలి గొట్టాన్ని జల్లెడల నుంచి విడదీసి, లోపలి గాలే లోపల తిరిగేలా కలిపాడు. చెడుగాలి ఎంతుందో చూసే కొలత ఒకటి గోడకి తగిలించి ప్రతి గంటా చూశాడు. పాత జల్లెడల రోజుల్లో ఎంతుండేదో అంతకి రానిచ్చి అక్కడ ఆపాడు. వకుళకి జ్వరం అని చెప్పి శుద్ధిగదికి పంపలేదు.

ఇది రెండో రోజు. వకుళ గోడ పట్టుకోకుండా నడుస్తోంది. కాళ్ళు వెచ్చబడ్డాయట. సూది గుచ్చాను: నేరేడు కాదుగాని, దానిమ్మ కూడా కాదు. మందారం వాడినప్పటి రంగు.

మధ్యాహ్నం పడుకుని లెక్కపెట్టి, మధ్యలో నవ్వు ఆపుకోలేక లెక్క తప్పి, మళ్ళీ మొదలెట్టింది.

"పద్నాలుగు తాతా. కుదురుగా ఉండనివ్వట్లేదు."

"మీ తాతలాగే" అన్నాడు శరభ.

ఈ నమోదు ఇక్కడితో ఆపుతున్నాను. ఇవాళ ఎవరినీ తిట్టబుద్ధి కావట్లేదు.


నమోదు 8
110వ రోజు

పొద్దున్న జల్లెడల గదిలో లెక్క తేడా వచ్చింది. ఒక వసారా గాలి తిరిగి రావట్లేదని పట్టేశారు. పదిమంది మా గడపలోకి వచ్చారు, ముక్కులకి గుడ్డలు కట్టుకుని. శరభని జల్లెడల పని నుంచి తీసేసి రాళ్ళు తవ్వే చోటికి పంపారు. గొట్టం తిరిగి కలిపారు. వాళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఒకావిడ వకుళని పట్టుకుని ఏడ్చింది, ఎంత ప్రమాదం తప్పిందో అని.

వకుళని శుద్ధిగదికి తీసుకెళ్ళారు. నేను గడపకి అడ్డంగా నిలబడ్డాను. నా సిలిండరు పట్టుకుని పక్కకి జరిపారు, మర్యాదగానే.

"వకుళా, వెళ్ళకమ్మా. రెండు రోజుల్లో పద్నాలుగయ్యాయి, నువ్వే లెక్కపెట్టావు."

ఆ పిల్ల ఆగింది. నా వంక చూసింది, శరభ వంక చూసింది. వెనక మృణాళిని నిలబడి ఉంది, మందులపెట్టెతో.

"అక్కా, వెళ్ళనా?" అని ఆవిణ్ణి అడిగింది.

మృణాళిని తల వంచుకుని, "పద, నేను పక్కనే ఉంటాను" అంది.

తన్నులు తొమ్మిది.


నమోదు 9
113వ రోజు

నాలుగు.


నమోదు 10
115వ రోజు

ఒకటి. అది కూడా తన్నో, పేగు కదలడమో తెలియదంది. శుద్ధిగది గాజుతలుపు అవతల ఉంది, నేను ఇవతల. నా పాత నెత్తురుతో లోపల నిలబడలేను, అక్కడ గాలి మరీ పలచన. గాజు మీద వేళ్ళు చూపించింది. ఒక వేలు.


నమోదు 11
117వ రోజు

మగపిల్లాడు. ఊపిరి తీయలేదు. తల నిండా జుట్టు. గవిలో ఇది నాలుగోది.

శరభ వాణ్ణి చేతుల్లోంచి దించనన్నాడు. వకుళ పెదాలు ఎర్రగా ఉన్నాయి.


నమోదు 12
171వ రోజు

నా మీద నాకు నమ్మకం లేక యాభై రోజులు రాయలేదు. ఇప్పుడు రాయగలను.

ఈ మధ్యలో జరిగింది ఇది. 122వ రోజున జల్లెడలకి మరమ్మతని ప్రకటించారు. జోరు కొంచెం కొంచెంగా మూడో వంతు తగ్గించారు. మరమ్మతు చెయ్యాలని డాక్టరు రాసిచ్చిందట, దుమ్ము పడుతోందని. సభామందిరం నేల బాగుచెయ్యాలని వంద ఊపిరులు ఆపారు. అదీ డాక్టరు సలహాయే. ఎవరూ దేన్నీ దేనికీ కలపలేదు. నెల తిరిగేసరికి జనం పిక్కలు పట్టుకోవడం మానేశారు. మరుపు తగ్గింది. వేలి అంకె తొంభై ఏడుకి దిగినందుకు కొన్నాళ్ళు దిగులుపడి, దిగులు పడటం కూడా మానేశారు.

నిన్న గంగాభవాని ఆడపిల్లని కంది. ఏడుపు మూడు వసారాలకి వినపడింది. ఇన్నేళ్ళుగా చేసిన సాధన ఫలించిందని అనంతశయనం పిల్ల చెవిలో ఏదో చదివి వచ్చాడు. పోనీ. ఆ మనిషికి తెలియదు. తెలియనివాణ్ణి ఎంతని తిడతాను?

ఇవాళ పొద్దున్న మృణాళిని నా గదికి వచ్చింది. కుర్చీ చూపించలేదు, నిలబడే మాట్లాడింది.

"ఇక మీదట పుట్టేవాళ్ళు బతుకుతారు మాస్టారూ."

"చూశాను."

"ఆ రోజు సభలో చెప్పి ఉంటే ఏమయ్యేదో మీకు తెలియదు. మన ఒంట్లో నెత్తురే తప్పని నాలుగు వందల మందికి ఒక్కసారిగా చెప్పాలి. చెడుగాలి వదులుదామనాలి. తలుపులు విరగ్గొట్టేవాళ్ళు. మా నాన్న పోయిన రోజు తొక్కిసలాటలో ఇంకో నలుగురు పోయారు, మీకు గుర్తుందా? మెల్లగా, మరమ్మతు పేరు మీద తగ్గిద్దామనుకున్నాను. నెల రోజులు పడుతుంది. నెల ఉందనుకున్నాను."

"నీకుంది. వాడికి లేదు."

"శరభ గొట్టం విడదీస్తే నేను చూసీ చూడనట్టున్నాను. అది నేను చేసినట్టే కదా మాస్టారూ?"

"పట్టుబడ్డాక?"

కళ్ళు తుడుచుకుంది. నా చేతుల్లో పెరిగిన రెండో పిల్ల ఈమె. సిర ఎలా వెతకాలో, భయపడే చేతిని ఎలా పట్టుకోవాలో నేనే నేర్పాను. వెళ్ళేముందు అడిగింది: "వకుళకి చెప్పారా?"

చెప్పలేదు. మృణాళిని మూడురోజులకోసారి వచ్చి వకుళ తల దువ్వి వెళుతుంది. ఆ పిల్ల ఆవిడ ఒళ్ళో తప్ప ఇంకెక్కడా ఏడవట్లేదు. అది కూడా లాక్కోవాలా అని యాభై రోజులు ఆలోచించాను. లాక్కోవాలనే తేల్చుకున్నాను. అబద్ధం ఒళ్ళో పడుకుని ఎన్నాళ్ళు ఏడుస్తుంది? ఈ కాగితాలు ముందు వకుళ చేతిలో పెడతాను, తరవాత గ్రంథాలయం బల్ల మీద, ఎవరికి కావాలంటే వాళ్ళు చదువుకునేలా.

చదివినవాళ్ళు తప్పు ఎవరిదని అడుగుతారు. వేదవ్యాసరావు చూస్తానని చూడలేదు, ఆ ఉసురు ఆయనకి తగిలే ఉంటుంది. అనంతశయనం మూర్ఖుడు. శరభ ఒక్కడే ఏదో చేశాడు, అతను రోజూ రాళ్ళు తవ్వుతున్నాడు. ఇరవై రెండేళ్ళ కిందట రెండేళ్ళ వకుళ తొడలో సూది గుచ్చినవాణ్ణి నేను, నా వంతు నేను మోస్తాను. కాని మూడు గొట్టాలు దీపం ముందు పెట్టుకుని చూసి, అర్థం చేసుకుని, తన నెత్తురు కూడా చూసుకుని, నోరు తెరవాల్సిన ఒక్క నిమిషంలో అంకె చదివి కూర్చున్న మనిషి ఈ గవి మొత్తంలో ఒకరే ఉన్నారు. ఆమె పేరు డాక్టర్ అడ్డేపల్లి మృణాళిని.